పదిహేడో సాధన

మేండలిన్ తాతాజీ గారిల్లు ఎక్కడని అడిగితే, పదేళ్ల కిందట నర్సీపట్నంలో ఆటోవాళ్లు కూడా చెప్పేవారు. ఇప్పుడు అడిగితే "మేండలినంటే ఏటండీ?" అని ఎదురు ప్రశ్న వేస్తారు. కాలం మారిపోయిందని సరిపెట్టుకుందామంటే, పక్క వీధిలో కీబోర్డు నేర్పే అతని ఇంటి ముందు సాయంత్రమయ్యేసరికి పిల్లల చెప్పులు గేటు దాటి రోడ్డు మీదికి వస్తున్నాయి. అంచేత తప్పంతా కాలం నెత్తిన రుద్దడానికి లేదు. మరి ఎవరిదన్న సంగతి తాతాజీకి అరవై ఒకటో ఏట తెలిసింది.

ఆయన నీటిపారుదల శాఖలో వర్క్ ఇన్‌స్పెక్టరుగా కాలవగట్ల మీద తిరిగి తిరిగి రిటైరయ్యాడు. పెళ్లి చేసుకోలేదు. దాని వెనక పెద్ద కథేమీ లేదు. సాయంత్రం ఆరయ్యేసరికి చాప పరిచి మేండలిన్ పట్టుకునే మనిషికి సంబంధాలు చూసుకునే తీరిక దొరకలేదు, చూసిపెట్టాల్సిన అక్కేమో బావగారి ఉద్యోగంతో విశాఖ వెళ్లిపోయింది. రెండు గదుల పోర్షను, ఒక గ్యాస్ పొయ్యి, గోడకి రెండు మేండలిన్లు. ఒకటి తనది, రెండోది శిష్యులది. ఆ రెండోదానికి కిందటి దసరా నుంచీ గుడ్డ తొడిగే ఉంది.

ముప్పై ఏళ్లు నేర్పాడాయన. పాఠం చెప్పేటప్పుడు గోడకి ఆనుకుని కళ్లు మూసుకునేవాడు. స్వరం పలికితే ఏమీ అనడు. పలక్కపోతే మాత్రం కళ్లు తెరవకుండానే "పలకలేదు. మళ్లీ" అనేవాడు. బాగుందన్న మాట ఆయన నోట విన్నవాళ్లు ఒక్కరూ లేరు. ఆ రెండు ముక్కలూ పిల్లలకి ఎంత పట్టుబడ్డాయంటే, స్కూల్లో ఒకరినొకరు ఏడిపించుకోవడానికి కూడా అవే వాడేవారు.

ఇంకో అలవాటు ఉంది. శిష్యులు చాప మీద కూర్చోగానే వాళ్ల ఎడమచేతి చిటికెన వేలు లోపలికి ముడిచి, దానికి నూలుదారం చుట్టి, రెండో కొస మణికట్టుకి కట్టేవాడు. తీగల మీద నడవాల్సింది మూడు వేళ్లే, నాలుగోది అరచేతిలో పడుకోవాలి. "మనది ముడివేలు బాణీ" అని చెప్పుకునేవాడు. మాకవరపాలెంలో ఆయన గురువు సింగన్న గారు అలాగే వాయించేవారు మరి. సింగన్న గారిది చెరుకు వ్యవసాయం. పగలంతా పొలంలో పనిచేసి, పొద్దు వాలాక భజనల్లోనూ నాటకాల్లోనూ మేండలిన్ వాయించేవారు. తాతాజీ ఆయన దగ్గర పదకొండేళ్లు కూర్చున్నాడు. ఆ పదకొండేళ్లలో గురువుగారి చిటికెన వేలు తీగ మీదికి రావడం ఒక్కసారి కూడా చూడలేదు. ఎందుకని అడగనూ లేదు. గురువుగారు చేసేదానికి ఎందుకని ఒకటి ఉంటుందని ఆయనకి తోచనే లేదు.

తరవాత్తరవాత ఫోన్లో వీడియోలు వచ్చాయి. నాలుగు వేళ్లతో గడగడా వాయించేవాళ్లు బోలెడుమంది కనిపించారు. "వాళ్లది వేరే బాణీ" అని ఫోను బోర్లా పెట్టేశాడు తాతాజీ. అలా పెట్టేయడం మహా సుళువు, మనందరం చేసేదే.

శిష్యులు రావడం మానేశాక ఆయన ఒక పుస్తకం రాయడం మొదలుపెట్టాడు. కొత్తగా నేర్చుకునేవాళ్లకి సరళీ వరుసలున్నాయి, జంట వరుసలున్నాయి. వచ్చినవాళ్లకి వర్ణాలూ కీర్తనలూ ఉన్నాయి. గీతాలు వచ్చేసి, వర్ణం ఇంకా చేతికి లొంగనివాళ్ల సంగతి ఎవరికీ పట్టదు. పిల్లలు మానేసేదేమో సరిగ్గా అక్కడే. వాళ్ల కోసమని ముప్పై ఏళ్లలో తను కట్టిన అభ్యాసాలు ఇరవై నాలుగు ఏరి, నోటుబుక్కులో వరసగా రాసి, "నడిమి సాధనలు" అని పేరు పెట్టాడు. మూడోది కుడిచెయ్యి పైకీ కిందికీ ఒకే బరువుతో మీటడానికి. తొమ్మిదోది ఒక తీగ వదిలి ఇంకో తీగ మీదికి గెంతడానికి. కొన్ని జంటగా వాయించాల్సినవి. గురువుది ఒక వరస, శిష్యుడిది ఇంకో వరస. ఇంట్లో రెండో మనిషి లేడు కాబట్టి శిష్యుడి వరస తనే వాయించి ఫోన్లో రికార్డు చేసుకుని, దాన్ని పెట్టుకుని గురువు వరస వాయించేవాడు. ఒక్కోసారి అలవాటు కొద్దీ ఫోనుతోనే "పలకలేదు. మళ్లీ" అనేవాడు. ఆ తరవాత లేచి, మంచినీళ్లు తాగి, శిష్యుడి వరస మళ్లీ తనే వాయించేవాడు.

నోటుబుక్కు టైపు చేసిపెట్టింది ఆర్టీసీ కాంప్లెక్స్ ఎదురుగా డీటీపీ సెంటర్లో పనిచేసే రోజారమణి. పాపం ఆ పిల్ల సంగీతం ముఖం ఎరగదు. పై స్థాయి స్వరానికి మీద చుక్క, కింది స్థాయి స్వరానికి కింద చుక్క పెట్టలేక నానా తంటాలు పడింది. అన్నీ అయ్యాక ఒకరోజు ఆయన్ని కూర్చోబెట్టి అడిగింది.

"మాస్టారూ, ఒక్కో పాఠం కింద పేర్లు రాసుకున్నారు కదండీ, అయ్యెవరివండి?"

"ఆ సాధన పూర్తి చేసినవాళ్లవమ్మా. ఊరికే గుర్తుకోసం. అవి టైపు చేయక్కర్లేదు."

"మొదటిదానికింద నలభై మంది పైనే ఉన్నారు. పదహారు కింద పంతొమ్మిది మంది. పదిహేడు కింద ఒక్కరూ లేరేటండీ? ఆ తరవాతా లేరు. పేజీలు పోయాయేమో అనుకున్నానండి."

"పేజీలు పోలేదు. పదిహేడు ఎవరూ దాటలేదు."

"అయితే ఆ పదిహేడులోనే ఏదో ఉందండి."

"పాఠంలో ఏమీ లేదమ్మా. వాళ్లకి ఓపిక లేదు" అన్నాడు తాతాజీ. కొంచెం కటువుగానే అన్నాడు.

పదిహేడో సాధన చూడ్డానికి మూడు వరసలు. ఒకే తీగ మీద, దాని కింద అడ్డంగా ఉండే లోహపు మెట్లలో రెండో మెట్టు నుంచి ఏడో మెట్టు దాకా ఎక్కి, దిగాలి. చెయ్యి ఉన్నచోటి నుంచి జరక్కూడదు, పక్క తీగ సాయం తీసుకోకూడదు. తర్వాత అదే రెండో కాలంలో, అంటే రెట్టింపు వేగంతో. వర్ణానికి అదే గుమ్మం. అది దాటితే లోపలికి వెళ్లినట్టే.

రోజారమణి అక్కడితో ఊరుకోక, పుస్తకం మొదట్లో గురువుగారి ఫోటో ఉంటే బాగుంటుందంది. ముందుమాటలో ముడివేలు బాణీ గురించి తాతాజీ రెండు పేజీలు రాశాడు. ఆ పక్కన పెట్టొచ్చని ఆమె ఆలోచన. ఆయన దగ్గర ఫోటో లేదు. మర్నాడు ఉదయం బస్సెక్కి మాకవరపాలెం వెళ్లాడు.

సింగన్న గారు పోయి పదహారేళ్లయింది. ఆయన భార్య రామాయమ్మకి ఎనభై దాటాయి. ఎండలో మంచం వేసుకుని జీడిపిక్కలు ఆరబోసుకుంటోంది. తాతాజీని చూసి, బతికున్నావేటి బాబూ అని దెప్పి, లోపలికెళ్లి ఇనప్పెట్టెలోంచి అట్టకి అతికించిన ఫోటో ఒకటి తెచ్చింది.

"ఇది మా పెళ్లైన కొత్తల్లోది. తునిలో తీయించుకున్నారు."

ఫోటోలో పాతికేళ్ల కుర్రాడు మేండలిన్ పట్టుకుని కూర్చున్నాడు. ఎడమచేతి వేళ్లు నాలుగూ మెట్ల మీద పరుచుకుని ఉన్నాయి. చిటికెన వేలు నిటారుగా వెళ్లి ఏడో మెట్టు దగ్గర తీగని నొక్కి పట్టింది.

తాతాజీ ఆ ఫోటోని చాలాసేపు చూశాడు. "అమ్మగారూ, ఇది గురువుగారేనా?" అన్నాడు.

"ఆయన కాకపోతే ఇంకెవులు?"

"మరి చిటికెన వేలు..."

"ఆ యేలా? ఆ మరుసటేడే కదా గానుగలో పడిపోనాది. సెరుకు తోస్తంటే సెయ్యి లోపలికెల్లిపోనాది. ఏలు తెగలేదు గానీ నరం పోనాది. ముడుసుకుని అలాగే ఉండిపోనాది. నీకు సెప్పలేదేటి ఆయన?"

"లేదండి."

"ఎలా సెప్తాడు? నామోసీ. నలుగుర్లో కూకుంటే సేతి మీద తువ్వాలు కప్పుకునేవోడు." రామాయమ్మ జీడిపిక్కలు వేళ్లతో కెలుకుతూ ఇంకో మాట కూడా చెప్పేసింది. "నువ్వొచ్చిన కొత్తల్లో నువ్వూ ఏలు ముడుసుకుని వాయిస్తంటే, ఈ కుర్రోడు నన్నెక్కిరిస్తన్నాడే అని ఒకపూట అన్నం తిన్లేదు. తరవాత తెలిసినాది, నీది భక్తని. అప్పుడింకేటి సెప్తాడు? సెప్పాల, సెప్పాల అనుకుంటానే పోనాడు."

తాతాజీ ఫోటో సంచిలో పెట్టుకున్నాడు. ఆవిడ టీ పెడతానంటే వద్దని, దణ్ణం పెట్టి వచ్చేశాడు. బస్సులో కిటికీ పక్క సీటు దొరికినా బయటికి చూడలేదు.

ఇంటికొచ్చి చాప పరవకుండానే నేలమీద కూర్చున్నాడు. మేండలిన్ ఒళ్లో పెట్టుకుని, చూపుడు వేలు రెండో మెట్టు మీదా, ఉంగరపు వేలు ఏడో మెట్టు మీదా పెట్టాడు. అందింది. ఆయనవి పొడుగాటి వేళ్లు. సింగన్న గారి చెయ్యి చేటంత ఉండేది, ఆయనకీ అందింది. అంచేత గురుశిష్యులిద్దరికీ ఆ దూరం ఎప్పుడూ అడ్డు కాలేదు. ఆ చాప మీద కూర్చున్న మిగతావాళ్లంతా పదీ పదిహేనేళ్ల పిల్లలు. వాళ్లకి చిటికెన వేలు ఒక్కటుంటే చాలు, అది అందేది. ఆ ఒక్క వేలికే ఆయన దారం కట్టాడు. కట్టి, ఓపిక లేదని తిట్టాడు.

పంతొమ్మిది మందిలో పద్దెనిమిది మంది వాళ్లంతట వాళ్లే మానేశారు. ఒక్క పిల్లని మాత్రం ఆయనే మాన్పించాడు. పేరు సౌజన్య. చెయ్యి జామాకంత ఉండేది. పదిహేడు దగ్గర ఏడు నెలలు కూర్చుంది. మిగతావాళ్లు విసుక్కుంటే ఆ పిల్ల విసుక్కోలేదు. చూపుడు వేలికీ ఉంగరపు వేలికీ మధ్య చర్మం లాగేసి ఎర్రబడిపోయేది. అయినా "మళ్లీ" అంటే మళ్లీ వాయించేది. ఒకనాడు ఆయనకే విసుగొచ్చింది. వాళ్లమ్మ గుమ్మంలో నిలబడి వింటుండగా, "నీ చేతికి మేండలిన్ రాదమ్మా. ఇంకేదైనా చూసుకో" అన్నాడు. ఆ పిల్ల ఏడవలేదు. దారం తనే విప్పుకుని, చుట్ట చుట్టి చాప మీద పెట్టి వెళ్లిపోయింది. అప్పుడు దానికి పదిహేనేళ్లు.

తాతాజీకి సిగ్గేసింది. ఒళ్లు చచ్చిపోయేంత సిగ్గు. పైగా ఆ సంగతి చెప్పుకుని బాధపడ్డానికి ఇంట్లో పిల్లి కూడా లేదు. వండిన అన్నం అలాగే ఉండిపోయింది.

మర్నాడు డీటీపీ సెంటరు తెరవకముందే వెళ్లి మెట్ల మీద కూర్చున్నాడు. రోజారమణి వచ్చి, "ఇవాళ ప్రింటుకి పంపించేద్దామండీ?" అంది.

"ఆపెయ్యమ్మా. ముందుమాట తీసెయ్. అది అబద్ధం." ఆమె ఏదో అడగబోతే చెయ్యి అడ్డం పెట్టి, "సౌజన్య అని, నీ వయసుదే ఉంటుంది. వాళ్లమ్మ టైలరింగు చేసేది. ఎక్కడుందో తెలుసా?" అన్నాడు.

"సౌజన్యా? నాతో ఇంటర్ చదివిందండి. ఇప్పుడు రావికమతం అవతల పల్లెలో, గ్రామ సచివాలయంలో డిజిటల్ అసిస్టెంటు."

తాతాజీ వెళ్లేసరికి ఆ సచివాలయంలో జనం కిక్కిరిసి ఉన్నారు. సర్టిఫికెట్ల కోసం వచ్చినవాళ్ల వెనక వరసలో నిలబడ్డాడు. కంప్యూటరు ముందు సౌజన్య గబగబా టైపు చేస్తోంది. మనిషి ఎదిగింది, కళ్లద్దాలొచ్చాయి. ఆయన చూపు ఆమె ముఖం మీద నిలవలేదు. కీబోర్డు మీద ఆమె ఎడమచేతి వేళ్లు మూడే ఆడుతున్నాయి. చిటికెన వేలు అరచేతిలోకి ముడుచుకుని ఉంది. పన్నెండేళ్లయినా దానికి దారం వీడలేదు.

ఆయన వంతు వచ్చింది. తలెత్తి చూసి ఆమె లేచి నిలబడిపోయింది.

"మాస్టారూ! మీరేటండీ ఇక్కడ? ఏదైనా సర్టిఫికెట్ కావాలా?"

"కాదమ్మా. నీతో ఒక మాట చెప్పాలి. జనం అయ్యాకే చెప్తాను."

మధ్యాహ్నం భోజనాల వేళ వరండాలో బెంచీ మీద కూర్చున్నారు. తాతాజీ ఫోటో ఆమె చేతికిచ్చాడు. గానుగ సంగతి చెప్పాడు, తువ్వాలు సంగతి చెప్పాడు. దారం సంగతీ చెప్పాడు. "నీ చేతిలో లోపం లేదమ్మా. లోపం నాది. ఆ మాట అనకుండా ఉండాల్సింది" అన్నాడు.

సౌజన్య ఫోటోని దగ్గరికి తెచ్చుకుని ఆ వేలినే చూసింది. కోపం వచ్చిందో రాలేదో ఆయనకి తెలియలేదు.

"ఆ రోజు ఇంటికెళ్లాక మా అమ్మ నా చెయ్యి పట్టుకుని తిప్పి తిప్పి చూసిందండి" అంది. "ఏటి తక్కువైంది ఈ చేతికి, అన్ని వేళ్లూ ఉన్నాయి కదా, అని అడిగింది. నాకేటి తెలుసండీ చెప్పడానికి? రెండేళ్లు ఎవరికీ షేక్‌హ్యాండ్ ఇవ్వలేదు."

ఆమె ఫోటో తిరిగి ఆయన చేతిలో పెట్టింది.

"చిటికెన వేలు పెడితే ఆ పదిహేడోది వచ్చేస్తాదాండి?"

"పిల్లలకి రావాలి. నాకు రావడం లేదు. నిన్న రాత్రంతా చూశాను. వేలు లేవడం లేదు. నువ్వు ఒక్కసారి వాయించి చూస్తే..."

"మేండలిన్ మా పిన్ని కూతురికి ఇచ్చేశామండి. తీగలు కూడా ఉన్నాయో లేదో." ఆమె టిఫిన్ బాక్సు తెరిచి, మూత మీద సగం పులిహోర తీసి ఆయన ముందు పెట్టింది. "తినండి. మళ్లీ జనం వచ్చేస్తారు. నాకు టైమెక్కడదండీ మాస్టారూ."

ఆయన తిన్నాడు. వెళ్లేముందు ఆమె ఫోన్ నంబరు అడిగాడు. ఇచ్చింది.

ఆ సాయంత్రం నుంచి తాతాజీ అరవై ఒకటో ఏట మళ్లీ సరళీ వరుసల దగ్గర కూర్చున్నాడు. ఈసారి ముడిచి కట్టింది ఉంగరపు వేలుని, దాని పని చిటికెన వేలే చేయాలని. తన చేతికి తను దారం కట్టుకోవడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. ఒక కొస పళ్లతో పట్టుకుని బిగించాలి. నలభై మందికి ఆయన కట్టాడు గానీ, ఆయనకి కట్టేవాళ్లు లేరు. చిటికెన వేలు వణుకుతుంది, తీగ మీద పెడితే జారిపోతుంది, గట్టిగా నొక్కితే మోచేతి దాకా నొప్పి. రెండు వారాలకి గాని పదిహేడు దాకా రాలేదు. రాగానే దారం విప్పేసి, నాలుగు వేళ్లతో వాయించి, ఫోన్లో రికార్డు చేసి సౌజన్యకి వాట్సాప్‌లో పంపించాడు. కాసేపటికి టిక్కులు రెండూ నీలంగా మారాయి. జవాబు లేదు.

మర్నాడు ఆరింటికి మళ్లీ పంపాడు. ఆ మర్నాడూ పంపాడు. పగలు మిగతా పద్దెనిమిది మందిలో నంబర్లు దొరికినవాళ్లకి ఫోన్లు చేసి, "తప్పు నాదమ్మా", "తప్పు నాదయ్యా" అని చెప్పుకున్నాడు. కొందరు నవ్వేశారు. ఒకతను ఏ మాస్టారండీ అన్నాడు. పదకొండు మంది దొరికారు, అందులో ఒక్కరూ మళ్లీ వస్తామనలేదు. రోజారమణి కంప్యూటర్లో పుస్తకం ముందుమాట లేకుండా అలాగే ఉంది. ఆయన రోజూ ఆరింటికి రికార్డు చేయడం, పంపడం, టిక్కులు నీలంగా మారేదాకా ఫోను చేతిలో పట్టుకుని కూర్చోవడం అలవాటైపోయింది. వింటోందో, ఊరికే తెరిచి మూసేస్తోందో కూడా తెలియదు. ఫోన్లు చేయడం అయిపోయాక ఇంట్లో ఆయన గొంతు ఆయనకే వినపడి రోజులైపోయింది.

పంపడం మొదలెట్టిన పంతొమ్మిదో రోజున వానగా ఉంది. రికార్డు పంపి, వేలికి కొబ్బరినూనె రాసుకుంటుంటే ఫోను మోగినట్టయింది. సౌజన్య దగ్గర్నుంచి వాయిస్ మెసేజి. చేతులు తుడుచుకుని నొక్కాడు. ముందు సచివాలయంలో ఆ వేళకీ ఇంకా తగ్గని జనం గోల వినిపించింది, ఆధార్ కార్డు తెచ్చారా అని ఎవరినో అడగడం వినిపించింది, కుర్చీ జరిగిన చప్పుడైంది. ఆ తరవాత ఆమె గొంతు.

"మాస్టారూ, ఎక్కేటప్పుడు బాగుందండి. దిగేటప్పుడు ఏడో మెట్టు పలకలేదు. మళ్లీ."

అంతే. అక్కడితో ఆగిపోయింది.

తాతాజీ దాన్ని నాలుగుసార్లు విన్నాడు. ఆయన కళ్లనీళ్లు తుడుచుకున్నాడు, గోడమీది రెండో మేండలిన్‌కి గుడ్డ తీసి, ఒకసారి శ్రుతి చేసి మళ్లీ తగిలించాడు. ఆ తరవాత చాప మీద సర్దుకుని కూర్చుని, ఉంగరపు వేలికి దారం చుట్టి, కొస పళ్లతో బిగించుకుని, మళ్లీ మొదలుపెట్టాడు.